తీసేసిన మనిషి

తొమ్మిదో భాగం

కిందటి వారం మీరు నన్ను నగరం అనే మా పల్లెటూళ్ళో, మా నాన్నగారి ఇంటి వరండాలో, ల్యాప్‌టాప్ ముందు, చల్లారిన కాఫీతో వదిలేసి వెళ్ళారు. నేనింకా అక్కడే ఉన్నాను. తెర మీద ఒమన్ దేశంలో సలాలా అనే ఊరి కొబ్బరితోట ఉంది. తోటలో ఒక చెట్టు మీద ఒక మనిషి ఉన్నాడు. ఆ మనిషి అచ్చం మా పేటలో కొబ్బరి చెట్లెక్కి దింపు తీసే రత్నరాజులా ఉన్నాడు.

ఉంటే ఉన్నాడు, మనిషిని పోలిన మనిషి ఉండడా అని కొట్టిపారేద్దును. కానీ రత్నరాజుని 2022 ఫిబ్రవరిలో మా సమాధుల తోటలో పాతిపెట్టారు. గల్ఫ్ నుంచి పెట్టె వచ్చింది, కాగితాలు వచ్చాయి, చర్చి అయ్యగారు ప్రార్థన చేశారు, పేటంతా తలో పిడికెడు మట్టి వేసింది. నేను సలాలా వెళ్ళింది 2023 ఆగస్టులో. కెమెరాలో తేదీ తప్పేమో అని సరిపెట్టుకోవడానికి కూడా లేదు. ఆ కెమెరా నేను కొన్నదే ఆ ఏడు జూన్‌లో.

ఇక రత్నరాజు భార్య విజయకుమారిని వచ్చే గురువారం మా తమ్ముడు క్రాంతికుమార్ పెళ్ళి చేసుకుంటున్నాడు. మా చర్చిలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు అందరి ముందూ ప్రకటన చదువుతారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పాలి, లేకపోతే జన్మంతా నోరు మూసుకోవాలి. రెండు ఆదివారాలు అయిపోయాయి. మూడోది ఎల్లుండి.

నేను ఇంటికొచ్చింది తమ్ముడి పెళ్ళికి ఫోటోలు తీయడానికి. పెళ్ళి ఆపే ఫోటో నా దగ్గరే ఉందని తెలిస్తే పనిమీద వెళ్ళిన ఆ నార్వేలోనే చలికి బిగుసుకుపోయి ఉండిపోయేదాన్ని.

నా పనితనం గురించి ఇదివరకు మీ దగ్గర చాలా గొప్పలు పోయాను. నలభై ఒక్క దేశాలన్నాను, విమానాల్లో సీటు ముందు పెట్టే పుస్తకాల్లో నా ఫోటోలే అన్నాను. అసలు పని ఎలా చేస్తానో మాత్రం చెప్పలేదు. నేను అమ్మేది మనుషులు లేని చోట్లు. చూసేవాడికి ఆ జలపాతం తన ఒక్కడి కోసమే దూకుతున్నట్టు ఉండాలి. కానీ ఈ భూమ్మీద అందమైన చోటల్లా మనుషులుంటారు. అందుకని కెమెరాని స్టాండు మీద కదలకుండా బిగించి, నిమిషానికొకటి చొప్పున పది పదకొండు ఫోటోలు తీస్తాను. మనుషులు కదులుతారు కనుక ఒక్కో ఫోటోలో ఒక్కో చోట ఉంటారు. తర్వాత కంప్యూటర్లో అన్నిటినీ ఒకదాని మీద ఒకటి పరిస్తే కదిలినవాళ్ళు మాయమై, కదలనివి మిగులుతాయి. కొండ మిగులుతుంది, నీళ్ళు మిగులుతాయి, చెట్టు మిగులుతుంది.

అలా ఎంతమందిని తీసేశానో లెక్కలేదు. ఐస్లాండ్‌లో ఒక జలపాతం ఎదురుగా ఎర్రకోటు ముసలాయన రెండు గంటలు కదలకుండా కూర్చున్నాడు. కదలని మనిషిని తీసేయడం కష్టం, కాబట్టి నా నోటికొచ్చిన తిట్లన్నీ తెలుగులో తిట్టాను. ఆయన పోయిన భార్య కోసం ఏటా అదే రోజు అక్కడికి వస్తాడని హోటల్లో చెప్పారు. అయ్యో అనుకున్నాను, మర్నాడు కంప్యూటర్ ముందు కూర్చుని చేత్తో ఆ కోటుని తుడిచేశాను. వియత్నాంలో కొండవాలు వరి మళ్ళ దగ్గరైతే ఒక ముసలమ్మని తన సొంత మళ్ళోంచి పక్కకి తప్పుకోమని గైడు చేత చెప్పించాను. ఆవిడ నవ్వి, వానలో గేదెల పాక వెనక నిలబడింది. ఆ ఫోటోకి బహుమతి వచ్చింది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ నాకు తప్పు అనిపించలేదు.

సలాలా ఫోటో కూడా అలాంటిదే. ఆ ఊరి సంగతి నాకు చెప్పింది క్రాంతే. అరబ్బు దేశంలో మన కోనసీమలాంటి చోటు ఉందక్కా, ఆగస్టులో సన్నగా జల్లు పడుతుంది, సముద్రం పక్కనే కొబ్బరితోటలు, రోడ్డు పక్క బొండాల దుకాణాలు, ఒక్కసారి వెళ్ళు అని ప్రాణం తీశాడు. ఏ రోడ్డులో ఏ మలుపు దగ్గర తోట బాగుంటుందో కూడా చెప్పాడు. వెళ్ళాను, తీశాను, పెద్దగా అచ్చు వేయించి వాడికి తెచ్చి ఇచ్చాను. చాలాసేపు చూశాడు. ఇందులో మనుషులెవరూ లేరేంటక్కా అన్నాడు. అదేరా నా పనితనం అన్నాను గర్వంగా. వాడు మడత పడకుండా జాగ్రత్తగా చుట్టి బీరువా మీద పెట్టేశాడు.

ఇప్పుడు బెంగళూరులో పుస్తకం వేసేవాళ్ళు అసలు ఫైళ్ళు కావాలంటే, రెండేళ్ళ తర్వాత ఆ పదకొండు ఫోటోలూ బయటికి తీశాను. అప్పుడు కనిపించాడు. మొదటి ఫోటోలో చెట్టు మొదట్లో ఉన్నాడు. రెండో దాంట్లో మూడో వంతు ఎక్కాడు. ఆరోదానికి చెట్టు కొసన మొవ్వు దగ్గరున్నాడు. పదకొండో ఫోటోలో దిగుతూ దిగుతూ ఆగి, సరాసరి నా వైపు చూస్తున్నాడు. పెద్దది చేస్తే మొహం చుక్కలు చుక్కలుగా విడిపోయింది గానీ, ఆ ఒడ్డూ పొడుగూ రత్నరాజువే. ఆ రోజు నాకు గుర్తున్నది ఒక్కటే, ఎవడో అడ్డంగా చెట్టెక్కాడు, వెలుతురు పోతోంది, త్వరగా దిగమని డ్రైవరు చేత కేకేయించాను. నేను పక్కనే తెలుగులో విసుక్కుంటూనే ఉన్నాను.

శుక్రవారం పొద్దున ముందు క్రాంతికే చెబుదామనుకున్నాను. వాడు మామిడికుదురులో లెక్కల మాస్టారు, పెళ్ళికి సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. ఉన్నాడన్న మాటే గానీ మనిషిలో పెళ్ళికళ ఏదీ లేదు. ముద్ద సరిగ్గా మింగడు. ఫోన్ మోగితే కాలవ గట్టు మీదికి పోయి మాట్లాడతాడు. ముప్పై అయిదేళ్ళకి కుదిరిన పెళ్ళి కదా, గాభరా అనుకున్నాను. గట్టు దిగి వస్తుంటే ఆపి, నీతో ఒక ముఖ్యమైన మాట చెప్పాలిరా అన్నాను.

"ఆదివారం అయ్యేక చెప్పక్కా" అన్నాడు. "ఏదైనా సరే, ఆదివారం అయ్యేక."

నా మొహం చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు. వాడికి చెప్పకుండా ఎవరికి చెప్పాలో తెలియక, మధ్యాహ్నం ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని విజయ ఇంటికి బయల్దేరాను.

ఇంటి ముందు రత్నరాజు తల్లి చిన్నమ్మలు గారు కూర్చుని కొబ్బరి ఈనెలు చీరి చీపుళ్ళు కడుతున్నారు. కొడుకు పోయాక కోడలే ఆవిడకి కూతురు. ఈ పెళ్ళికి మొదట మా గుమ్మంలోకి వచ్చి అడిగింది కూడా ఆవిడే. నా కోడలికి నేనే తల్లినై చేస్తాను మాస్టారూ, మీ అబ్బాయిని ఇవ్వండి అని మా నాన్నగారి ముందు నిలబడితే, సాలమోను మాస్టారంతటి మనిషి మారుమాట లేకుండా చేతులు జోడించారు. నన్ను చూడగానే ఆవిడ లేవబోయారు. విజయ ఇంకా అంగన్‌వాడీ దగ్గరే ఉందని చెప్పి, పందిట్లోకి ఆకులు సరిపోతాయో లేదో అని బెంగపడ్డారు.

"మా వాడుంటే పది చెట్లెక్కి వాడే కోసి పడేసేవాడు తల్లీ" అన్నారు, మామూలుగా.

నా సంచిలో ఆ వాడే ఉన్నాడు. నేను చెప్పులు చూసుకుంటూ ముందుకి నడిచాను.

అంగన్‌వాడీలో పిల్లలు వెళ్ళిపోయారు. విజయ కింద కూర్చుని పిల్లల బరువులు ఫోన్లో ఎక్కిస్తోంది. ముప్పై ఒక్కేళ్ళు, తక్కువ మాట్లాడే మనిషి. నన్ను చూసి చాప దులిపి వేసింది. పెళ్ళి చీరల గురించి వచ్చాననుకుంది పాపం. నేను ఉపోద్ఘాతం ఏమీ లేకుండా ల్యాప్‌టాప్ తెరిచి, ఇది ఫలానా దేశం, ఫలానా తేదీ, ఈ మనిషి ఎవరో చూసి చెప్పు అన్నాను. నాకు నాన్చడం చేతకాదు. అందుకే నాకు పెళ్ళి కాలేదని మా నాన్నగారి సిద్ధాంతం.

ఒక్కొక్క ఫోటో తిప్పాను. ఏడోది రాగానే నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ ఫోటోలో అతను మొవ్వు కింద నిలదొక్కుకుని, చెట్టుకి తల ఆనించి ఉన్నాడు. నేను అలిసిపోయి ఆగాడనుకున్నాను.

"నుదురానించేరు, చూసేరా వదినగారూ" అంది విజయ. "మా మావగారు చెట్టు మీంచి పడి పోయేరండి. అప్పట్నుంచీ మా ఆయన పైకెక్కేక, కత్తి తియ్యకముందు చెట్టుకి నుదురానించి ప్రార్థన చేసుకుంటారు. పెళ్ళైన కొత్తలో కింద నిలబడి నవ్వేదాన్ని."

నాకే భయం వేసి వెనక్కి తగ్గాను. దూరంనించి తీసింది, మొహం తెలీడం లేదు, అలాంటి అలవాటు ఇంకొకరికి ఉండకూడదా అని లాయరులా వాదించాను. కాదు అని ఒక్క మాట అంటే ల్యాప్‌టాప్ మూసేసి ఇంటికెళ్ళి, పెళ్ళికి పూలదండలు చెప్పేదాన్ని. అంత తేలిగ్గా దారి ఇచ్చాను. ఆమె తీసుకోలేదు.

"ఆయ్. ఆయనేనండి" అంది.

ఏడవలేదు, ఆశ్చర్యపోలేదు. నీకు ముందే తెలుసా అన్నాను. తల ఊపింది. మరి ఆ సమాధిలో ఉన్నది ఎవరు అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

విజయ లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చి, పెట్టె వచ్చిన రోజు సంగతి చెప్పింది. పోయి ఇరవై మూడు రోజులైందట, తెరవొద్దు, తట్టుకోలేవని పెద్దలందరూ అన్నారట. మొహం చూడనివ్వకపోతే కాళ్ళైనా చూస్తానని ఆమె పట్టుబట్టింది. చివరికి కాళ్ళ వైపు మేకులు ఊడదీసి, పలక కాస్త ఎత్తి పట్టుకున్నారు. ఆమె ఒక్కతే వంగి చూసింది.

"దింపు తీసేవాళ్ళకి బందం తాడు రాసుకుని చీలమండల దగ్గర కాయలు కాస్తాయి గదండి. ఆయనకి పద్నాలుగో ఏటి నుంచీ ఉన్నాయి. ఆవదం రాసింది నేనే, నాకు తెలీదా. ఆ పెట్టెలో కాళ్ళకి ఏమీ లేవండి. మెత్తటి కాళ్ళు. ఎవరో చదువుకున్నాయన కాళ్ళు."

ఎందుకు చెప్పలేదు అని అడగాలి, అడిగితే నేరం మోపినట్టు ఉంటుంది. అడగకుండానే ఆమె చెప్పింది. కాళ్ళు చూడగానే ముందు సంతోషం వేసిందట, మనిషి బతికే ఉన్నాడని. ఆ పోయినతని జేబులో తన భర్త కాగితాలు ఎలా వచ్చాయో, ఎవరు ఎవరి పేరుతో పని చేస్తున్నారో ఇప్పటికీ ఆమెకి తెలియదు. ఏదో పొరపాటు, వారంలో ఫోన్ చేస్తాడు, అప్పుడు అందరికీ చెప్పొచ్చు అనుకుంది. వారం అయింది. నెల అయింది. క్రిస్మస్ వచ్చి వెళ్ళింది. కూతురు అక్షయకి అప్పుడు ఆరేళ్ళు, నాన్న ఎక్కడ అని అడగడం ఆ పిల్ల మానేసింది. ఆమె ఫోన్ నంబరు మార్చలేదు, ఒక్కరోజు కూడా ఆపు చేసి పెట్టలేదు.

"చచ్చిపోయేరంటే నలుగురిలో కూచుని ఏడవచ్చు వదినగారూ. బతికుండి మనం అక్కర్లేదనుకున్నారని ఎవరితో చెప్పుకుంటామండి?"

నాకు రత్నరాజు మీద మండింది. చిన్నప్పుడు మా తోటలో దింపుకి వచ్చి, నాకు లేత బొండం చెక్కి ఇచ్చిన మనిషి. ఆ పదకొండో ఫోటోలో నా వైపు చూసిన చూపు గుర్తొచ్చింది. నా తెలుగు వినే ఉంటాడు, నన్ను గుర్తుపట్టే ఉంటాడు, అయినా దిగి వచ్చి పలకరించలేదు. చచ్చినవాడిగానే ఉండాలని నిర్ణయించుకున్నవాడు.

సమాధికి నెల నెలా పూలు తీసుకెళ్ళేది ఎవరి కోసం అని అడిగాను. ఆ అబ్బాయి కోసమే అంది. "ఎవరో తల్లి కన్నబిడ్డ, మన మట్టిలోకొచ్చేడు. వాళ్ళకి తెలీదు గదండి ఇక్కడున్నాడని. ఎవరో ఒకరు చూసుకోవాలి."

క్రాంతికి చెప్పెయ్యి, వాడు అర్థం చేసుకుంటాడు అన్నాను. ఆమె మొదటిసారి గట్టిగా తల అడ్డంగా ఊపింది. వాడి సంగతి నాకంటే ఆమెకే బాగా తెలుసునట. చెబితే పెళ్ళి ఆపేసి, ముందు ఆ మనిషిని వెతుకుదాం, న్యాయం అది అంటాడట. అత్తగారు కొడుకు కోసం గుమ్మంలో కూర్చుంటుందట. అక్షయ ఇప్పుడిప్పుడే క్రాంతిని నాన్నా అంటోందట. చెబుతూ చెబుతూ ల్యాప్‌టాప్ వైపు చూసింది. తెర మీద ఏడో ఫోటో ఇంకా ఉంది.

"మీరు ఫోటోల్లోంచి మనుషుల్ని తీసేస్తారంట గదండి" అంది. "మీ తమ్ముడు చెప్పేరు. ఈయన్ని కూడా తీసెయ్యండి వదినగారూ. ఒక్కసారి తీసేరు గదా, మళ్ళీ ఎందుకు తెచ్చేరు?"

నన్ను ఇన్ని దేశాల్లో ఇంతమంది ఇన్ని రకాలుగా మెచ్చుకున్నారు. నా పని ఏమిటో ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. చెంప మీద కొట్టినా అంత సిగ్గు వేసేది కాదు. అవుననీ కాదనీ అనకుండా ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

శనివారం మధ్యాహ్నం దాకా ముందు నుయ్యి వెనక గొయ్యిలా గడిచింది. చెబితే తమ్ముడి బతుకు, ఒక పిల్ల నవ్వు, ఒక ఆడదాని పరువు మూడూ పోతాయి. చెప్పకపోతే చట్టం ముందూ దేవుడి ముందూ ఆ పెళ్ళి పెళ్ళి కాదు, వాడు దాన్ని తెలియకుండా చేసుకుంటాడు. తెలిసిన నేను పక్కన నిలబడి ఫోటోలు తీయాలి. నాన్నగారిని అడుగుదామా అనుకున్నాను. ఆయనకి డెబ్బై ఆరేళ్ళు, జీవితంలో ఒక్క అబద్ధం ఆడలేదు, ఈ వయసులో నేర్పించడం భావ్యం కాదు.

అంతలో గేటు దగ్గర సైకిల్ చప్పుడైంది. క్రాంతి అక్షయని వెనక కూర్చోబెట్టుకుని టైలరు దగ్గర్నుంచి వచ్చాడు. ఆ పిల్ల కొత్త గౌను కవరులోంచి సగం లాగేసి, నాన్నా చూడు, చేతులు పొడుగ్గా కుట్టేశాడు అని వాడి వీపు మీద గుద్దుతోంది. వాడు నవ్వాడు. నేను వచ్చిన పది రోజుల్లో వాడు నవ్వడం చూసింది అదే మొదటిసారి.

లోపలికి వెళ్ళి ల్యాప్‌టాప్ తెరిచాను. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళు ప్రతి ఫోటోనీ మూడేసి చోట్ల దాచుకుంటారు. ల్యాప్‌టాప్‌లో ఒకటి, నల్ల హార్డ్ డిస్కులో ఒకటి, ఇంట్లో వదిలే ఎర్ర హార్డ్ డిస్కులో ఒకటి. మూడు చోట్లా వెతికి పదకొండు ఫోటోలూ చెరిపేశాను. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. నిజంగానే చెరిపేయాలా అని ఆ యంత్రం మూడుసార్లూ అడిగింది, మూడుసార్లూ అవునన్నాను. తర్వాత హాయిగా ఉంటుందనుకున్నాను. ఉండలేదు. అన్నం దగ్గర క్రాంతి మొహం చూడలేకపోయాను. వాడూ నా మొహం చూడలేదని అప్పుడు గమనించలేదు.

ఆదివారం చర్చి నిండిపోయింది. మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు. విజయ తెల్లచీర ముసుగు కప్పుకుని చిన్నమ్మలు గారి పక్కన కూర్చుంది. నేను వాళ్ళ వెనక వరసలో ఉన్నాను. నాన్నగారి పక్కన క్రాంతి ఇస్త్రీ చొక్కాలో నిటారుగా ఉన్నాడు. పాట అయ్యాక అయ్యగారు కళ్ళజోడు సర్దుకుని కాగితం తీశారు.

"సాలమోను గారి కుమారుడైన క్రాంతికుమార్‌కును, కీర్తిశేషులు రత్నరాజు గారి భార్య, విధవరాలైన విజయకుమారికిని వివాహము నిర్ణయమైనది. వీరు జతపరచబడకూడదనుటకు న్యాయమైన అడ్డు ఎవరికైనను తెలిసినయెడల ఇప్పుడే చెప్పవలెను. ఇది మూడవసారి ప్రకటించుట."

కీర్తిశేషులు అన్న మాట దగ్గర విజయ వీపు కాస్త వంగింది. నేను పళ్ళు బిగించి, కాళ్ళు నేలకి తన్నిపెట్టి కూర్చున్నాను. ఎవరో దగ్గారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. అయ్యగారు ఆగవలసినంతసేపు ఆగి, కాగితం మడవబోయారు. అయిపోయింది అనుకున్నాను. దేవుడా, అయిపోయింది.

మగవాళ్ళ వైపు క్రాంతి లేచి నిలబడ్డాడు.

వెనక వరసల్లో ఒకరిద్దరు నవ్వారు. పెళ్ళికొడుక్కి తొందరగా ఉంది అన్నారెవరో. నాన్నగారు వాడి చొక్కా అంచు పట్టుకుని కూర్చోమన్నట్టు లాగారు. వాడు కూర్చోలేదు.

"అయ్యగారూ, ఆ కాగితంలో కీర్తిశేషులు అన్న మాట కొట్టెయ్యండి" అన్నాడు. "రత్నరాజు బతికే ఉన్నాడండి. మూడేళ్ళుగా నాకు ఫోన్ చేస్తానే ఉన్నాడు. ఎవరికీ చెప్పనని మాటిచ్చేను. ఆ మాట అడ్డం పెట్టుకుని ఈ పెళ్ళిదాకా వచ్చేను. ఇంక నా వల్ల కాదండి."

నేను విజయ వైపు చూశాను. మూడేళ్ళు ఆమె ఫోన్ మోగలేదు. మోగింది క్రాంతి ఫోన్. కాలవ గట్టు మీద వాడు మాట్లాడుతుంటే ఆమె అదే దారిన ఎన్నిసార్లు నీళ్ళు తెచ్చుకుని ఉంటుందో. ఆమె ముసుగు సర్దుకుని, తల ఎత్తి, వాణ్ణి చూసింది. ఆ చూపుని వర్ణించడం నాకు చేతకాదు, ఆ చూపు నా మీద పడనందుకు మాత్రం సంతోషించాను.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. వాడు నా వైపు తిరిగాడు.

"అక్కా, నిన్ను సలాలా పంపింది అందుకే. నా నోటితో చెప్పలేక. వాడి తోట మలుపు కూడా చెప్పి పంపేను. నువ్వు చూసొచ్చి చెప్తావనుకున్నాను. వాడు చెట్టు మీదుండగా ఫోటో తీసేవంట గదా, వాడే చెప్పేడు. అది తీసి చూపించక్కా. నా మాట ఎవరూ నమ్మరు."

వాడు నన్ను పంపింది ఒక మనిషిని తీసుకురమ్మని. నేను తెచ్చింది చెట్లని. రెండేళ్ళు వాడు ఆ అచ్చుఫోటో బీరువా మీద పెట్టుకుని, నేను ఎప్పుడో ఒకప్పుడు నోరు విప్పుతానని ఎదురుచూశాడు. నిన్న మధ్యాహ్నం దాకా ఆ మనిషి నా దగ్గర మూడు చోట్ల ఉన్నాడు.

చిన్నమ్మలు గారు లేచారు. ఎవరూ ఆవిడకి చెయ్యి అందించలేదు, అందించాలని ఎవరికీ తోచలేదు. వరసల మధ్య నుంచి నా దగ్గరికి వచ్చి, ఈనెలు చీరి చీరి గరుకెక్కిన వేళ్ళని చీర చెంగుకి శుభ్రంగా తుడుచుకున్నారు.

"మా వాణ్ణి ఒక్కసారి చూపించు తల్లీ" అన్నారు.

నా ఫోన్లో సలాలాది ఒక్కటే ఉంది. బహుమతికి పంపినది, మనుషుల్ని తీసేసి శుభ్రం చేసినది. లేదని చెప్పడానికి నోరు రాక, అదే తీసి ఆవిడ చేతికి ఇచ్చాను. ఆవిడ ఫోన్‌ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని ఒక్కొక్క చెట్టే మొదటి నుంచి మొవ్వు దాకా వెతకడం మొదలుపెట్టారు.

"ఏ చెట్టు మీదున్నాడమ్మా?" అని అడిగారు.